లింగమయ్య లొద్దికి దారి

లోయ చుట్టూ జనం: 7వ భాగం

చైత్ర పున్నమి ఇంకో వారం ఉందనగానే ఖిల్లా ఘణపూర్ చుట్టుపక్కల ఊళ్లల్లో నల్లమల అడవిలోని సలేశ్వరం జాతర ముచ్చట మొదలవుతుంది. గోన గణపరెడ్డి పేరు చెప్పుకునే కోట కింద, చెరువు కట్టమీద, చాయ్ హోటళ్ల ముందు ఒకరినొకరు అడుగుతారు: ఈ ఏడు పోతున్నవా? పోయేవాళ్లు సద్ది కట్టుకుంటారు, కట్టెలు సిద్ధం చేసుకుంటారు. వనపర్తి, నాగర్‌కర్నూల్, అచ్చంపేట దాటి బస్సులు, జీపులు మన్ననూరు ఘాటు ఎక్కుతాయి. ఫరహాబాద్ గేటు దగ్గర డాంబరు రోడ్డు వదిలి అడవిలోకి మళ్లుతాయి. రాంపూర్ పెంట దాటాక బండికి దారి లేదు. అక్కణ్నుంచి కాళ్లే.

దిగేవాళ్లు "వస్తున్నం లింగమయ్యా" అని కేకేస్తారు. ఎక్కేవాళ్లు "పోతున్నం లింగమయ్యా" అని బదులిస్తారు. ఆ రెండు కేకలూ ఎదురెదురుగా కొండరాళ్లకు తగిలి లోయంతా మోగుతుంటుంది. కాలిబాట సన్నం. ఒకపక్క రాతిగోడ, ఇంకోపక్క లోతు. చేత్తో బండను పట్టుకుని, ముందున్న మనిషి మడమ పెట్టిన చోటే పాదం పెట్టి దిగాలి. అడుగుకు చేరేసరికి, నడి ఎండాకాలంలో కూడా ఎత్తునుంచి దూకే చల్లటి నీళ్లు. ఆ నీళ్లల్లో తడిసి గుహలోకి పోతే లింగమయ్య. ఆయనకు పూజ చేసేది ఈ అడవి ఆదివాసులైన చెంచుల పూజారి.

గత భాగంలో ఇరాక్ ఉత్తరాన ఉన్న లాలిష్ లోయలో తిరిగాం. యజీదీ మతస్థులకు భూమ్మీద అంతకు మించిన చోటు లేదు. 1162లో కన్నుమూసిన వాళ్ల గురువు షేక్ ఆదీ సమాధి అక్కడే ఉంది. ఆ లోయలో చెప్పులతో నడవరు. గుడి గడప తొక్కరు, దాటుకుని పోతారు. తెల్ల ఊట నీళ్లు పిల్లల తలమీద పోస్తే తప్ప వాళ్ల సంస్కారం పూర్తి కాదు. 2014 ఆగస్టు 3న సింజార్ కొండ చుట్టూ ఉన్న యజీదీ ఊళ్లమీద ఐసిస్ మూక విరుచుకుపడింది. వేలమందిని చంపింది, ఆడవాళ్లను చెరబట్టి అమ్మింది. బతికి బయటపడ్డవాళ్లలో చాలామంది జర్మనీ చేరారు. ఆ చెరలోంచి తప్పించుకొచ్చిన నాదియా మురాద్‌కు 2018లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. ఎక్కడో చలిదేశంలో అపార్ట్‌మెంటు గదిలో పుట్టిన యజీదీ బిడ్డకు కూడా లాలిష్ నీళ్లే కావాలి.

చెంచుల మీద అలాంటి మారణహోమం జరగలేదు. ఆ రెండు జనాల కథలనూ ఒక్క తూకంలో పెట్టడం యజీదీల దుఃఖానికి అన్యాయం. కానీ ఈ ధారావాహిక మొదటి భాగం నుంచీ వెంటాడుతున్న ప్రశ్న ఒకటుంది. ఒక లోయను నడుమ పెట్టుకుని బతికిన జనాన్ని ఆ లోయనుంచి దూరం చేస్తే వాళ్లకు ఏం మిగులుతుంది? ఈ ప్రశ్నకు జవాబు వెతకడానికి ఇరాక్ దాకా పోనక్కర్లేదు. ఖిల్లా ఘణపూర్ నుంచి ఒక్క పూట ప్రయాణంలో నల్లమల ఉంది.

ముందు రెండు మాటలు తెలుసుకోవాలి. లొద్ది అంటే రెండు కొండల నడుమ లోతుగా దిగిన ఇరుకు లోయ. తొలి ఏకాదశికి జనం కదిలే లొద్ది మల్లయ్య పేరులో ఉన్నది ఆ మాటే. రెండోది పెంట. మైదానంలో పెంట అంటే ఎరువు కుప్ప. నల్లమలలో పెంట అంటే చెంచుల ఊరు. నాలుగైదు గుడిసెలున్నా పెంటే, నలభై ఉన్నా పెంటే. శ్రీశైలం రోడ్డుమీద ఈమధ్యదాకా దోమలపెంట, డ్యాం పక్కన సున్నిపెంట అని బోర్డులు చదువుతూ పోయే యాత్రికులు ఆ ఊళ్ల పేర్లలో చెంచుల మాట ఉందని గమనించరు. అప్పాపూర్, బౌరాపూర్, మల్లాపూర్, మేడిమల్కల, ఈర్లపెంట, సంగిడిగుండాల. ఇవన్నీ సలేశ్వరం చుట్టూ, అడవి కడుపులో ఉన్న పెంటలు. చిగుర్ల, తోకల, నిమ్మల, మండ్లి, కాట్రాజు అనే ఇంటిపేర్లు ఏ పెంటకు పోయినా వినబడతాయి.

చెంచులు మాట్లాడేది తెలుగే. వాళ్లకు వేరే భాష లేదు. ఈ ఒక్క సంగతి చాలు, మైదానం జనంతో వాళ్లకున్న బంధం ఎంత పాతదో చెప్పడానికి. "అడవిలో ఎవరికీ తెలియకుండా మిగిలిపోయిన ఆదిమానవులు" అని పత్రికలు రాసే మాట చరిత్రకు నిలవదు. శ్రీశైలానికి నాలుగు ద్వారాలంటారు: తూర్పున త్రిపురాంతకం, దక్షిణాన సిద్ధవటం, పడమర అలంపురం, ఉత్తరాన ఉమామహేశ్వరం. ఉమామహేశ్వరం అచ్చంపేట పక్కనే. అక్కణ్నుంచి మల్లన్న గుడిదాకా ఉన్నదంతా చెంచుల అడవి. రోడ్లు లేని రోజుల్లో శివరాత్రికి నడిచిపోయే యాత్రికులకు దారి చూపిందీ, బాటకు కావలి కాసిందీ వాళ్లే.

దేవుడితో వాళ్ల వరస అంతకంటే పాతది, అంతకంటే దగ్గరిది. వేటకొచ్చిన శివుడు చెంచు పిల్లను చూసి మనసుపడ్డాడని పెంటల్లో కథ చెబుతారు. అందుకే శ్రీశైలం దేవుడు వాళ్ల నోట చెంచు మల్లయ్య. భ్రమరాంబ ఇంటి ఆడబిడ్డ, మల్లయ్య ఇంటి అల్లుడు. బౌరాపూర్ పెంటలో శివరాత్రికి ఆ ఇద్దరికీ చెంచుల పద్ధతిలో పెళ్లి చేస్తారు. కృష్ణ దాటి నంద్యాల వైపు పోతే అహోబిలంలోనూ ఇదే వరస. నరసింహస్వామి చెంచులక్ష్మిని పెళ్లాడాడు. ఆ కథను వీధి భాగవతాలు ఆడాయి, సినిమా వాళ్లు 1943లో ఒకసారి, 1958లో ఇంకోసారి తీశారు. రెండో సినిమాలో అక్కినేని, అంజలీదేవి పాత్రలు ఇప్పటికీ జనం నాలుకమీద ఉన్నాయి. ఇంత పెద్ద గుళ్ల దేవుళ్లు ఇద్దరూ ఒకే జనానికి అల్లుళ్లు కావడం తెలుగునేలమీద ఇంకెక్కడా కనబడదు.

అల్లుడు, బావ, బావమరిది అన్న మాటలు చెంచులకు మర్యాదకోసం అనే మాటలు కావు. కొండతేనె తీసే చోట చూస్తే తెలుస్తుంది.

పెద్ద తేనెటీగలు నిలువు బండల అంచు కింద పట్లు పెడతాయి. కిందనుంచి ఎక్కడానికి వీల్లేదు. పైనుంచి దిగాలి. అడవి నారతో, తీగెలతో పేనిన తాడును కొండపైన గట్టి చెట్టు మొదలుకు కడతారు. దిగేవాడు నడుముకు బుట్ట తగిలించుకుని, పచ్చి ఆకుతో పొగబెట్టి, గాలిలో ఊగుతూ పట్టు దగ్గరికి పోతాడు. కిందికి చూస్తే చెట్ల తలలు గడ్డిపరకల్లా ఉంటాయి. పైన తాడు దగ్గర ఒక మనిషి కూర్చుని ఉంటాడు. తాడు ఒరుసుకుపోతోందా, చెట్టు కదులుతోందా, కింద మనిషి ఇచ్చే సైగ ఏమిటి, అన్నీ చూసుకోవలసింది ఆయనే. ఆ చోట కూర్చునే హక్కు, బాధ్యత బావమరిదిది. భార్య తోడబుట్టినవాడే పట్టాలి. అన్నదమ్ముడైనా ఆస్తి మీదో, మనిషి మీదో కన్నేసి చెయ్యి వదలొచ్చునేమో గానీ, చెల్లెలి తాళి తెంచుకునే పని ఏ అన్నా చెయ్యడని చెంచుల నమ్మకం. ఒక జాతి తన ప్రాణాన్ని ఎవరి చేతిలో పెడుతుందో చూస్తే ఆ జాతి దేన్ని నమ్ముతుందో తెలుస్తుంది. తెలుగునాట బావమరిది మాటకు ఇంతకు మించిన గౌరవం ఎవరూ ఇవ్వలేదు.

ఈ బతుకును దగ్గరనుంచి చూసి పుస్తకంగా రాసిన మొదటి పండితుడు వియన్నా నుంచి వచ్చాడు. క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్. నాగా కొండల్లో పరిశోధన కోసం 1939లో మనదేశానికి రెండోసారి వచ్చాడు. అంతలో రెండో ప్రపంచయుద్ధం మొదలైంది. చేతిలో ఉన్నది జర్మన్ పాస్‌పోర్టు కాబట్టి బ్రిటిష్ వాళ్ల లెక్కలో ఆయన శత్రుదేశస్థుడు. హైదరాబాదు సంస్థానం దాటి పోకూడదన్నారు. జైలు గోడల మధ్య కూర్చోవలసిన మనిషి నిజాం ప్రభుత్వం అనుమతితో భార్య బెట్టీని వెంటబెట్టుకుని 1940లో అమ్రాబాద్ పీఠభూమి మీదికి నడిచాడు. పెంట పెంటకూ తిరిగాడు. 1943లో అచ్చయిన ఆయన పుస్తకం "ది చెంచూస్" హైదరాబాదు రాష్ట్ర ఆదివాసుల గురించి వెలువడిన సంపుటాల్లో మొదటిది.

ఆయన చూసిన చెంచులు గడ్డలు తవ్వుకుని, పండ్లు, ఇప్పపువ్వు ఏరుకుని, విల్లంబులతో వేటాడి బతికేవాళ్లు. గడ్డలు తవ్వే ఇనుపమొన కర్ర ఆడవాళ్ల చేతిలోనూ ఉండేది, మగవాళ్ల చేతిలోనూ ఉండేది. సంపాదనలో సగం చెయ్యి ఆడమనిషిది కాబట్టి ఇంట్లో మాటలోనూ ఆమెకు సగం పాలు ఉండేది. పెళ్లయ్యాక మగవాడు భార్య పెంటకు పోయి అక్కడే ఉండిపోవడానికి నామోషీ పడేవాడు కాదు. వేటకు పోయేముందు గారెల మైసమ్మకు మొక్కేవాళ్లు. ఏ కొండ, ఏ వాగు ఏ పెంటదో అందరికీ తెలుసు. పట్టా లేదు, సర్వే రాయి లేదు, అయినా హద్దు ఉంది. అడవి ఎవరిదీ కాదనుకుని లోపలికి వచ్చిన ప్రతి ప్రభుత్వమూ ఇక్కడే పొరబడింది.

పీఠభూమిమీద అటవీ సిబ్బంది, కాంట్రాక్టర్లు చెంచులచేత వెట్టి చేయించుకోవడమూ హైమన్‌డార్ఫ్ చూశాడు. మద్రాసు ప్రెసిడెన్సీ కింద ఉన్న కర్నూలు వైపు మరీ అన్యాయం. అక్కడి చెంచులలో కొందరిని నేరస్థ తెగల చట్టం కింద పెట్టి పోలీసు కాపలాలో ఉంచారు. ఇటువైపు అలా జరగకూడదని ఆయన సిఫారసు చేస్తే, నిజాం ప్రభుత్వం 1940ల్లో సుమారు లక్ష ఎకరాల అడవిని చెంచు రిజర్వుగా ప్రకటించింది. అందులో చెంచులు తమ పద్ధతిలో బతకొచ్చు, బయటివాళ్లు వచ్చి భూములు ఆక్రమించకూడదు. మన దేశంలో ఒక ఆదివాసీ జనం పేరుమీద ఇంత అడవిని విడిగా ఉంచడం అరుదైన సంగతి. సంస్థానం పోయాక ఆ హామీ నిలవలేదు. హైమన్‌డార్ఫ్ దశాబ్దాల తర్వాత మళ్లీ వచ్చి చూసి, 1982లో అచ్చయిన ఇంకో పుస్తకంలో ఆ సంగతి బాధతో రాశాడు.

తర్వాతి కథ వేగంగా నడిచింది. 1956లో గిరిజన సహకార సంస్థ పుట్టింది. చెంచులు తెచ్చే తేనె, తపసి బంక, కుంకుళ్లు, చిల్లగింజలు కొనడానికి ఒక సర్కారు కాటా దొరికింది. షావుకారు కాటాకంటే అది మేలే. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది, విల్లు గుడిసె చూరుకు ఎక్కింది. 1978లో నల్లమల అభయారణ్యం అయింది, 1983లో పులుల ప్రాజెక్టులో చేరింది. 1980ల మొదట్లో శ్రీశైలం జలాశయం నిండింది. అంతకుముందు పుట్టిలో, తెప్పలో దాటిన కృష్ణ సముద్రంలా పరుచుకుంది. ఈ ఒడ్డు పెంట పిల్లను ఆ ఒడ్డు పెంటకు ఇచ్చుకున్న వియ్యాలు తగ్గాయి. 2014లో రాష్ట్రం రెండయ్యాక అదే నది రాష్ట్రాల సరిహద్దు అయింది. ఇటు భాగం 2,611 చదరపు కిలోమీటర్ల అమ్రాబాద్ పులుల అభయారణ్యం. ఇటువాళ్లకు మన్ననూరు గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ), అటువాళ్లకు శ్రీశైలం ఐటీడీఏ.

ఇలా ఒక్క జనం ఎన్నో ముక్కలైంది. అడవి పెంటల్లో ఉన్నవాళ్లు కొందరు. రోడ్డు పక్క కాలనీల్లోకి వచ్చి కూలికి పోయేవాళ్లు ఎక్కువమంది. ఊర చెంచులని పిలిపించుకుంటూ తరాల కిందటే అడవి వదిలి మైదానం ఊళ్లల్లో తిరిగినవాళ్లు ఇంకొందరు. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి రాష్ట్రం మొత్తం కలిపి చెంచులు 64 వేల పైచిలుకు. అందులో తెలంగాణలో ఉన్నవాళ్లు పావువంతు. కేంద్రం వీళ్లను ప్రత్యేకించి బలహీనమైన గిరిజన సమూహాల్లో చేర్చింది. 2023లో ప్రకటించిన పీఎం జన్‌మన్ పథకం ఆ సమూహాల కోసమే.

అన్నిటికంటే పెద్ద గండం 2019లో వచ్చింది. అమ్రాబాద్ అడవిలో 83 చదరపు కిలోమీటర్ల మేర యురేనియం నిల్వలు వెతకడానికి కేంద్రం నుంచి సూత్రప్రాయ ఆమోదం వచ్చిందని తెలిసి నల్లమల కదిలింది. బోర్లు వేసే బండి రాకుండా ఊళ్లకు ఊళ్లు రోడ్లమీద కూర్చున్నాయి. విద్యార్థులు, కవులు, సినిమా నటులు గొంతు కలిపారు. ఆ సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ యురేనియం వద్దని ఏకగ్రీవంగా తీర్మానించింది. ఈ శతాబ్దంలో పెంటల పేర్లు హైదరాబాదు దాకా వినబడింది అప్పుడే.

ఇప్పుడు మాట తరలింపు గురించి. పులికి మనిషి అలికిడి లేని అడవి కావాలి, కాబట్టి అభయారణ్యం నడిమి భాగంలో ఉన్న ఊళ్లు బయటికి రావాలని అటవీశాఖ ఆలోచన. ఇష్టపడి వచ్చే కుటుంబానికి 15 లక్షల రూపాయలు, లేదంటే బయట ఇల్లు, భూమి. సార్లపల్లి, కుడిచింతలబైలు, తాటిగుండాల వంటి ఊళ్ల పేర్లు ఆ జాబితాలో వినబడుతున్నాయి. ఈ ఊళ్లల్లో చెంచులు కాని కుటుంబాలూ ఉన్నాయి. అందరి మాటా ఒకటి కాదు. బడి, ఆస్పత్రి, కరెంటు, సెల్ సిగ్నల్ కావాలనుకునే పడుచువాళ్లు కొందరు పోదామంటారు. వాళ్ల కోరికను తప్పుపట్టే హక్కు మైదానంలో అన్ని సౌకర్యాల మధ్య బతికేవాళ్లకు లేదు. పోమనేవాళ్ల మాట వేరు. డబ్బు ఖర్చవుతుంది, అడవి ఖర్చు కాదు; లింగమయ్యను ఎవరు చూసుకుంటారు అని అడుగుతారు.

చట్టం ఈ విషయంలో స్పష్టంగానే ఉంది. వన్యప్రాణి చట్టానికి 2006లో చేసిన సవరణ ప్రకారం తరలింపు ఇష్టపూర్వకంగానే జరగాలి. గ్రామసభ ఒప్పుకోవాలి. అదే ఏడాది వచ్చిన అటవీ హక్కుల చట్టం ఇలాంటి సమూహాలకు ఇంటిస్థలం మీదే కాదు, వాళ్లు తరతరాలుగా తిరిగే ఆవాసం మొత్తంమీద హక్కు ఉందని చెప్పింది. తేనె బండలు, గడ్డలు దొరికే గుట్టలు, ఊటలు, లొద్దులు, దేవుళ్లు అన్నీ ఆ ఆవాసంలో భాగమే. ఆ హక్కు కాగితాన్ని ముందు చేతిలో పెట్టి, ఆ తర్వాత ఉంటారా పోతారా అని అడగడం న్యాయం. హక్కు ఇవ్వకుండా ముందే ఇష్టం అడిగితే అది ఇష్టం అనిపించుకోదు. పులితోపాటు చెంచులు ఒకే అడవిలో ఇన్నాళ్లు బతికారన్న సంగతి కూడా లెక్కలోకి తీసుకోవాలి. తెలుగునేలమీద పులులు ఎక్కువగా మిగిలింది చెంచులున్న అడవిలోనే.

సలేశ్వరం దగ్గర ఇదంతా కళ్లముందు కనబడుతుంది. ఏడాదిలో ఆ మూడు నాలుగు రోజులు లోయ నిండా మైదానం జనం. గట్టుమీద అన్నదానం పొయ్యిలు, నీళ్ల డ్రమ్ములు, పోలీసులు, అటవీ సిబ్బంది. గుహలో లింగం పక్కన చెంచు పూజారి ఒక్కడు నిలబడి, వచ్చిన ప్రతి చేతిలో బొట్టు, తీర్థం పెడుతుంటాడు. ఉగాది ముందు నుంచీ దారి బాగుచేసుకున్నదీ, తడబడ్డ ముసలివాళ్లకు చెయ్యందించేదీ చుట్టుపక్కల పెంటలవాళ్లే. పున్నమి దాటిన రెండో నాటికి అడవి గేటు మళ్లీ మూతపడుతుంది. మైదానం యాత్రికుడికి లింగమయ్య మళ్లీ వచ్చే ఏడాదే. లాలిష్‌లో ఏడాది పొడుగునా దీపాలు వెలిగించేవాళ్లు యజీదీలే అయినట్టు, ఈ లొద్దిలో మిగతా మూడువందల అరవై రోజులూ లింగమయ్యకు తోడుండేది చెంచులే. వాళ్లు లేకపోతే పున్నమినాటి జాతర ఉండొచ్చు, దేవుడికి చుట్టం ఉండడు.

ఈ చైత్రానికి ఖిల్లా ఘణపూర్ నుంచో, గద్వాల నుంచో, వనపర్తి నుంచో బయల్దేరేవాళ్లకు ఒక విన్నపం. తీసుకుపోయిన నీళ్ల సీసా, విస్తరాకు తిరిగి మీ సంచిలోనే తెచ్చుకోండి. లోయలోకి అగ్గి తీసుకుపోకండి. దారిలో పెంటవాళ్లు తేనె అమ్ముతుంటే బేరమాడకండి. ఆ సీసాడు తేనె వెనక ఒక తాడు, ఆ తాడు కొనను పట్టుకున్న ఒక బావమరిది ఉన్నాడు. పూజారిని పేరు అడగండి, ఏ పెంట అని అడగండి. మీ దేవుడికి ఆయన వరసైనవాడు.

వచ్చే భాగంలో కృష్ణ దాటి అహోబిలం పోదాం. సంక్రాంతి తర్వాత నరసింహస్వామి తన పెళ్లికి రమ్మని ఊరూరా తిరిగి పిలిచే పార్వేటలో, బావగారి పల్లకికి ఎదురు నిలిచే చెంచుల విల్లంబుల సంగతి చూద్దాం.